వడ్లగింజతో భూమిని తూచుట

సహకార సంఘపు కాటాయొద్ద నిలిచిన రైతునకు బరువనగా నేమో మేము వేఱుగ చెప్పవలసిన పనిలేదు. బస్తాకు అరకిలో తరుగు పోయినచో నూఱు బస్తాలకు ఏబది కిలోలు పోవునని ప్రతివాడును వ్రేళ్లమీద లెక్కగట్టగలడు. అయినను, ఒక్క వడ్లగింజ బరువెంత యని యడిగినచో, ముప్పదియేండ్లు సేద్యము చేసినవారును నవ్వి యూరకుందురు. అంత చిన్నదానికి బరువేమని కొందఱందురు. ఆ చిన్నదాని బరువును లక్ష్యపెట్టకపోవుటచేత మేమే యొకప్పుడు ఒక రైతుచేత పొరపాటు చేయించితిమి. ఆ సంగతి ముందుగా చెప్పి, పిదప సృష్టిలో మిక్కిలి సూక్ష్మమైన కణము మొదలు సూర్యగోళము వఱకు గల బరువులను పెద్దలెట్లు తెలిసికొనిరో మనవి చేయుదుము.

మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక మెట్టగ్రామమున ఎకరమునకు 60 కిలోల వేరుసెనగ పప్పు విత్తుడని చెప్పుచుంటిమి. ఆ లెక్క చిన్నపప్పు రకమునకు సరిపోవునది. నూఱు పప్పులు 35 గ్రాములు తూగు రకమైనచో, 60 కిలోలలో ఒక లక్షా 71 వేల పప్పులుండును. అందు నూటికి 80 మొలచినను, సాలుకు సాలు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్క 10 సెంటీమీటర్లు చొప్పున ఎకరమునకు కావలసిన ఒక లక్షా 35 వేల మొక్కలు నిలుచును. కాని ఆ యేడు ఒక రైతు లావుపప్పు రకమును తెచ్చెను. దాని నూఱు పప్పులు 55 గ్రాములు తూగును. 60 కిలోలలో ఒక లక్షా 9 వేల పప్పులే వచ్చినవి. మొలచినవి 87 వేలకు మించలేదు. చేను పలుచనైపోయెను, సందులనిండ కలుపు లేచెను. "అయ్యా, తమరు చెప్పినంతయు తూచియే పోసితిని గదా!" యని యా రైతు గట్టుమీద నిలిచి యడిగినప్పుడు మాకు జవాబు లేకపోయెను. తూకము సరియైనదే, లెక్క తప్పినది. భూమి యడుగునది కిలోలు కాదు, గింజలు. ఆ దినమునుండి గింజ బరువు తెలిసికొనక విత్తనపు మోతాదు చెప్పుట మానితిమి.

అయితే ఒక్క గింజను తూచుట యెట్లు? కాటాపై నుంచినచో ముల్లు కదలదు. ఉపాయము సులభమైనదే. వేయి గింజలను లెక్కించి, కలిపి తూచి, వచ్చిన బరువును వేయిచేత భాగింపవలెను. సన్నరకపు వడ్లు వేయి గింజలు సుమారు 15 గ్రాములు, ముతకరకపువి సుమారు 25 గ్రాములు తూగును. నడిమి లెక్క 20 గ్రాములనుకొన్నచో, ఒక్క గింజ 20 మిల్లీగ్రాములు. ఈ వడ్లగింజయే యీ వ్యాసమున మన తూనికరాయి.

దీనితో పోల్చి చూడుడు. పొగాకు విత్తనములు ఒక గ్రాములో పదివేలకు మించి యుండును. సుమారు 240 విత్తనములు చేరినగాని ఒక వడ్లగింజకు సరితూగవు. కంసాలి త్రాసునందలి గురిగింజ సుమారు ఆఱు వడ్లగింజల యెత్తు. 75 కిలోల బస్తాలో 37 లక్షల 50 వేల గింజలుండును. 500 కిలోల ఒంగోలు ఎద్దు రెండున్నర కోట్ల గింజలకు సమానము. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసినచో పడిన నీరు 103 టన్నులు; పదిటన్నుల లారీలు పది నిండి యింకను మిగులును. జలాశయముల లెక్కలలో మనము నిత్యము వినుచుండు ఒక్క టి.యం.సి. నీరు 2 కోట్ల 83 లక్షల టన్నులు. ఇంతవఱకు మన కంటికి కనబడు వస్తువులు. ఇక కంటికి కనబడని వానిని చూతము.

గింజలను తూచిన ఉపాయమునే పరమాణువులను తూచుటకును వాడిరి. ఒక్క పరమాణువును తక్కెడలో నుంచుట యెవరి తరము? కావున పెక్కింటిని కలిపి తూచి, వాని సంఖ్యచేత భాగించిరి. కష్టమెల్ల ఆ సంఖ్యను కనుగొనుటయందే కలదు. 20వ శతాబ్దపు తొలి దినములలో ఫ్రాన్సు దేశీయుడగు జాఁ పెరాఁ అను శాస్త్రజ్ఞుడు, నీటిలో తేలాడు చెట్టుజిగురు నలుసులను సూక్ష్మదర్శినితో చూచి, ఏ యెత్తున ఎన్ని నలుసులు నిలుచునో ఓపికతో లెక్కించి, దానినిబట్టి యీ సంఖ్యను సాధించెను. ఆ కృషికి 1926లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. పరమాణువులలో నెల్ల తేలికయైనది ఉదజని పరమాణువు. ఒక గ్రాము ఉదజనిలో సుమారు 600 కోటి కోటి కోట్ల పరమాణువులు కలవు. కోటిని కోటిచేత హెచ్చించి, మరల కోటిచేత హెచ్చించి, దానికి 600 రెట్లన్నమాట.

ఆ పరమాణువును విడదీసినచో నడుమ ప్రోటాను, దాని చుట్టును ఎలక్ట్రాను కనబడును. ఎలక్ట్రానును 1897లో ఇంగ్లండులో జె. జె. థాంసను కనిపెట్టెను. ప్రోటాను బరువు ఎలక్ట్రాను బరువునకు 1836 రెట్లు. ఎలక్ట్రాను ఒక వడ్లగింజ యనుకొన్నచో, ప్రోటాను 1836 గింజలు, అనగా సుమారు 37 గ్రాముల వడ్లు. ఒక గింజయు ఒక పిడికెడును: ఇదియే వాని తారతమ్యము.

ఇక పెద్దవాని మాట. భూమిని తూచు త్రాసు ఎచట వ్రేలాడదీయుదురు? ఇంగ్లండు దేశీయుడగు హెన్రీ కావెండిషు 1797, 1798 సంవత్సరములలో దీనికి మార్గము చూపెను. లోకమునందలి ప్రతి వస్తువును ప్రతి వస్తువును తనవైపు లాగుచుండును. భూమి మనలను లాగుటయే మన బరువు. ఆయన ఒక కొయ్యదండమును సన్నని తీగెతో వ్రేలాడదీసి, దాని రెండు కొనలను సుమారు మూడుపాతిక కిలోల సీసపు గుండు నొక్కొక్కదానిని కట్టెను. వానికి దాపుగా ఒక్కొక్కటి 158 కిలోలు తూగు పెద్ద సీసపు గుండ్లను తెచ్చి నిలిపెను. పెద్ద గుండు చిన్న గుండును లాగగా తీగె రవంత మెలిపడెను. ఆ లాగుడు ఒక పొగాకు విత్తనపు బరువులో సుమారు అయిదవవంతు. గాలి కదలినను లెక్క చెడునని, ఆయన ఆ పరికరమును గదిలో మూసి, గోడ కావలినుండి దూరదర్శినితో చూచి మెలికను కొలిచెను.

ఆ పిదప తర్కము తేలికయైనది. 158 కిలోల సీసము ఆ చిన్న గుండును ఇంత లాగుచున్నది. భూమి అదే గుండును ఇన్ని రెట్లు లాగుచున్నది. దూరముల భేదమును లెక్కలోనికి తీసికొన్నచో, భూమి సీసముకంటె ఎన్ని రెట్లు గలదో తేలును. భూమి తనంత నీటిముద్దకు 5.48 రెట్లు బరువని ఆయన లెక్క. నేటి లెక్క 5.51. రెండువందల యేండ్లలో దిద్దుబాటు నూటికి ఒకటికంటెను తక్కువ! నేటి లెక్కప్రకారము భూమి బరువు సుమారు 6 కోటి కోటి కోట్ల టన్నులు.

ఇచట నొక వింత గలదు. 600 కోటి కోటి కోట్ల పరమాణువులు ఒక గ్రామైనచో, 6 కోటి కోటి కోట్ల పరమాణువులు అందులో నూఱవవంతు, అనగా పది మిల్లీగ్రాములు. అది సరిగా అర వడ్లగింజ. భూమిలో ఎన్ని టన్నులు కలవో, అర వడ్లగింజ యెత్తు ఉదజనిలో అన్ని పరమాణువులు కలవు. ఒక టన్నునకు భూగోళమెంత పెద్దదో, ఉదజని పరమాణువునకు అర వడ్లగింజ అంత పెద్దది.

భూమినే ఒక వడ్లగింజగా తలచినచో తక్కిన గోళముల బరువులును చేతికి వచ్చును. చంద్రుడు మూడు పొగాకు విత్తనములు. గురుగ్రహము 318 వడ్లగింజలు, అనగా ఆఱు గ్రాములకు కొంచెము హెచ్చు. సూర్యుడు 3 లక్షల 33 వేల గింజలు, అనగా సుమారు ఆఱు కిలోల 660 గ్రాముల వడ్లు. సూర్యుని తూచుటకు గుండ్లు అక్కఱలేదు. జొన్నచేని మంచెమీద వడిసెల త్రిప్పువానికి, రాయి యెంత వేగముగ తిరిగిన త్రాటిని అంత గట్టిగా పట్టవలెనని తెలియును. భూమి తిరుగు వేగమును, సూర్యునకు దానికిని గల దూరమును తెలిసినచో, దానిని పట్టియుంచుటకు సూర్యుడెంత లాగవలెనో, అంత లాగుటకు ఎంత బరువుండవలెనో లెక్కకు వచ్చును.

ఇందు గమనింపదగినది ఒక్కటి. పెరాఁగాని కావెండిషుగాని చేసినది పోల్చుటయే. చిన్నదాని బరువు తెలియవలెనన్న పెక్కింటిని కలిపి లెక్కింపవలెను; పెద్దదాని బరువు తెలియవలెనన్న తెలిసిన చిన్నదానితో పోల్చవలెను. కావున ఆ తెలిసిన తూనికరాయి సరిగా నుండవలెను. అది తప్పినచో పైలెక్కలన్నియు తప్పును.

తూనికరాళ్లకెల్ల మూలమైన కిలో దిమ్మె 1889 మొదలు పారిసు దాపుననున్న సేవ్రులో భద్రముగ నుంచబడెను. అది ప్లాటినము, ఇరిడియము కలిపి పోసినది. దాని ప్రతులను దేశదేశములకు పంచిరి; మన దేశమునకు వచ్చినది 57వ ప్రతి; అది క్రొత్తఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలయందు కలదు. సుమారు నూఱేండ్లకు మూలమును ప్రతులను మరల పోల్చి చూడగా, వాని నడుమ ఒక మిల్లీగ్రాములో సుమారు ఇరువదవవంతు భేదము కనబడెను. అది ఒక పొగాకు విత్తనమంతయైనను లేదు. అయినను శాస్త్రజ్ఞులు దానిని ఉపేక్షింపలేదు. 2019 మే 20 మొదలుకొని ఆ దిమ్మెను విడిచి, ఎన్నడును మారని ప్రకృతి స్థిరాంకము ననుసరించి కిలోను నిర్ణయించుకొనిరి.

పొగాకు విత్తనమంత భేదమునకు లోకమంతయు కిలోనే మార్చుకొనగా, మన యూరి కాటాలో నూటికి ఒక కిలో తేడా వచ్చినను మనము చూచి చూడనట్లుండుట తగునా? 75 కిలోల బస్తాలు నూఱు తూచునప్పుడు నూటికి ఒక కిలో తేడా యనగా ఒక నిండు బస్తా. అది ఒక కుటుంబమునకు కొన్ని వారముల తిండి. ఎవరో మోసము చేసిరనియే తలపనక్కఱలేదు. కాటా క్రింది నేల సమముగా లేకున్నను, పళ్లెముక్రింద మట్టి చేరినను, రాయి అరిగినను నష్టము నష్టమే.

కావున సోదర రైతులకు మా మనవి రెండు మాటలు. మొదటిది: విత్తనము కొనిన వెంటనే, ఏరకుండ చేతికి వచ్చిన నూఱు గింజలను లెక్కించి, సన్నని త్రాసులో తూచుడు. ఎకరమునకు ఒక లక్షా 35 వేల మొక్కలు కావలసిన వేరుసెనగకు, నూఱు పప్పులు 35 గ్రాములైన 47 కిలోలు, 55 గ్రాములైన 74 కిలోలు లెక్కకు వచ్చును. నూటికి 80 మొలచు విత్తనమైనచో మొదటిదానిని 60 కిలోలు, రెండవదానిని 93 కిలోలు చేసికొనవలెను. మా రైతునకు మేము చెప్పవలసియుండిన లెక్క యిదియే.

రెండవది: బస్తా ఎక్కించుటకు ముందు కాటా సున్న చూపుచున్నదో లేదో చూడుడు, దానిపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర గడువులోనిదో కాదో చదువుడు, తెలిసిన బరువు నొకదానిని పెట్టి పరీక్షింపుడు. ప్రతి సంఘమును ముద్రగల ఇరువది కిలోల తూనికరాయి నొకదానిని ఆఫీసులో వేఱుగ నుంచి, సరుకు తూచు దినములలో సభ్యుల యెదుట కాటాను దానితో సరిచూచినచో, సంఘముపై నమ్మకము హెచ్చును, తగవులు తగ్గును. భూమిని తూచిన పెద్దమనిషి తన గదిలో గాలి కదలకుండ చూచుకొనెను. మన పంటను తూచునప్పుడు కాటా క్రింది మట్టినైనను తుడుచుకొందము.