కంప్యూటరుకూ వడదెబ్బ!

కె.కోటపాడు: ఎండలు ముదిరితే మనుషులు, పశువులు నీడ వెదుక్కుంటారు. నెట్ సెంటరు మూలన ఉన్న కంప్యూటరుకు ఆ వీలు లేదు. పొద్దున్న చకచకా పనిచేసిన యంత్రం మధ్యాహ్నం రెండు గంటలయ్యేసరికి నత్తనడక పడుతుంది. కాసేపటికి ఠపీమని ఆగిపోతుంది. పిల్లల పరీక్ష ఫలితాలు, కాలేజీ దరఖాస్తులు వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. గడువు చివరి రోజున యంత్రం ఆగితే నష్టపోయేది దుకాణదారు ఒక్కడే కాదు, అనకాపల్లి వెళ్లడానికి బస్సు ఛార్జీ కూడా లేక వరుసలో నిలబడిన విద్యార్థి కూడా.

వైరస్ పట్టిందని కొందరు, పాతబడిపోయిందని కొందరు కొత్తది కొనే ఆలోచనలో పడతారు. వేసవి మధ్యాహ్నాల్లోనే ఇలా జరుగుతుంటే ముందుగా అనుమానించవలసింది వేడిని. దానికి విరుగుడు మన ఊరి వెల్డింగు షాపులోనే దొరుకుతుంది.

గోరంత చిప్పు, బల్బంత వేడి

కంప్యూటరులో లెక్కలు చేసే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. అందులోని అసలు చిప్పు బొటనవేలి గోరంత ఉంటుంది. మామూలు బల్లమీది కంప్యూటరులో ఇది పూర్తి పనిలో ఉన్నప్పుడు 65 వాట్ల వరకు వేడి పుట్టిస్తుంది. అంటే పాత 60 వాట్ల బల్బు వేడి గోరంత చోట పుడుతున్నదన్న మాట. ఆ వేడిని లాగడానికి చిప్పు మీద అల్యూమినియం రెక్కల దిమ్మ, దానిపై చిన్న ఫ్యాను ఉంటాయి. మోటారు సైకిలు ఇంజను చుట్టూ ఉండే రెక్కలు చేసే పనే ఈ దిమ్మ చేస్తుంది.

చిప్పు వేడి సుమారు 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అయినా చల్లారకపోతే యంత్రం ఆగిపోతుంది. ఇది చెడిపోవడం కాదు, తనను కాపాడుకోవడం.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్యాను చలి పుట్టించదు, ఉన్న గాలిని కదుపుతుంది, అంతే. గదిలో 40 డిగ్రీలుంటే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా చిప్పు 40 కంటే కిందికి దిగదు. గది వేడి ఐదు డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఇక మన చేతిలో ఉన్నది ఒక్కటే. పెట్టెలో పుట్టిన వేడిగాలి అక్కడే తిరగకుండా బయటికి పంపడం. బెల్లం వండే పొయ్యి సంగతి మన రైతులకు చెప్పనక్కరలేదు. కింద గాలి దూరే దారి, పైన పొగగొట్టం రెండూ సరిగా ఉంటేనే పొయ్యి లాగుతుంది. కంప్యూటరు పెట్టెకూ ఇదే సూత్రం: ముందు కింది నుంచి చల్లగాలి రావాలి, వెనుక పై నుంచి వేడిగాలి పోవాలి.

ముందు దుమ్ము దులపండి

రోడ్డు పక్క దుకాణాల్లో రెక్కల దిమ్మ సందుల్లో దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది. కరెంటు తీగ ఊడదీసి, మెత్తని కుంచెతో దీన్ని తీయాలి. ఫ్యాను గిరగిర తిరగకుండా వేలితో పట్టుకోవాలి. పంచరు షాపు గాలి కొట్టించడం మంచిది కాదు, అందులో తేమ, నూనె ఉంటాయి. పెట్టెను నేలమీద కాక పీటమీద, గోడకు జానెడు ఎడంగా ఉంచాలి.

దిమ్మకు, చిప్పుకు మధ్య పూసే థర్మల్ పేస్టు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. పాతది తుడిచి బఠానీ గింజంత కొత్తది పెడితే చాలు. కొందరు టూత్ పేస్టు పూస్తుంటారు. అది కొద్ది రోజులు పనిచేసి ఎండిపోతుంది, ఆ పొదుపు పొదుపు కాదు.

రేకుకు కన్నం

ఇంతచేసినా ఆగకపోతే పెట్టెకు వెనుక పైభాగాన 120 మిల్లీమీటర్ల ఫ్యాను బిగించుకోవచ్చు. పాత పెట్టెల్లో ఉండే 80 మిల్లీమీటర్ల ఫ్యానుకంటే దీని వైశాల్యం రెండుంపావు రెట్లు. నెమ్మదిగా తిరిగినా ఎక్కువ గాలి లాగుతుంది, చప్పుడు తక్కువ. కన్నం గీతకు పాత సీడీ పనికొస్తుంది. దాని వ్యాసం కూడా సరిగ్గా 120 మిల్లీమీటర్లే. సీడీ అంచుకు కొంచెం లోపలగా కోయాలి. కోసే ముందు లోపలి భాగాలన్నీ తీసి పక్కన పెట్టాలి. ఒక్క ఇనప రజను బోర్డు మీద పడితే షార్టు అవుతుంది.

ఈ ఫ్యాను 12 వోల్టులది, ఇంటి కరెంటుకు కలపరాదు. లోపల ఉండే నాలుగు తీగల ప్లగ్గులో పసుపుది 12 వోల్టులు, ఎరుపుది 5 వోల్టులు, నల్లనివి రెండూ నెగటివ్. ఫ్యాను ఎర్రతీగను పసుపుకు, నల్లతీగను నలుపుకు కలిపి టేపు చుట్టాలి. ఎరుపును చూసి ఎరుపుకు కలిపితే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, లేదా తిరగనే తిరగదు. గాలి ఎటు పోతున్నదో అగరువత్తి పొగ చెబుతుంది. గాలి లోపలికి వచ్చే చోట దోమతెర ముక్క అంటించి, పదిహేను రోజులకోసారి ఉతకాలి.

పక్క రేకుకు కన్నం పెట్టి, అక్కడి నుంచి ప్రాసెసర్ ఫ్యాను దాకా అట్టతోనో ప్లాస్టిక్ డబ్బాతోనో గొట్టం అమర్చడం మరో ఉపాయం. ఇది నాటు పద్ధతి అని తీసిపారేయకండి. ప్రాసెసర్లు బాగా వేడెక్కుతున్న 2000 దశకంలో ఇంటెల్ సంస్థే ఇలాంటి గొట్టం ఉన్న పెట్టెలను సూచించింది. గదిలో 35 డిగ్రీలున్నా ప్రాసెసర్ ఫ్యానుకు అందే గాలి 38 దాటకూడదన్నది వారి కొలత. మన వేసవి ఆ 35 దగ్గర ఆగదు కనుక ఈ గొట్టం అవసరం మనకే ఎక్కువ.

వేడి గొడవ కంప్యూటరుకు పుట్టుకతోనే ఉంది. 1946లో అమెరికాలో ప్రదర్శించిన ఎనియాక్‌లో సుమారు 18 వేల వాల్వులు ఉండేవి. అది 150 కిలోవాట్ల కరెంటు మింగేది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు ప్రకటించిన డేటా కేంద్రం విషయంలోనూ దానిని చల్లబరచడానికి నీరు, కరెంటు ఎంత కావాలన్న ప్రశ్న వచ్చింది. మన దుకాణం పెట్టె ముందు ఉన్నదీ అదే ప్రశ్న, కొలతే వేరు.

చేయకూడనివి

పక్క రేకు తీసి బల్ల ఫ్యాను పెడితే వెంటనే చల్లబడే మాట నిజమే. కాని దుమ్ముతోపాటు బల్లులూ చేరతాయి, పిల్లల చేతులూ చేరతాయి. ఒకటి రెండు రోజుల అవసరానికి తప్ప వద్దు. నీళ్ల కూలరు గాలి నేరుగా తగలనీయరాదు, తేమకు బోర్డు పాడవుతుంది. కరెంటు సరఫరా చేసే ఇనప డబ్బాను విప్పరాదు. ప్లగ్గు తీసినా అందులోని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. గ్యారంటీలో ఉన్న యంత్రాన్ని కోస్తే గ్యారంటీ పోవచ్చు. లాప్‌టాప్‌లకు కోతలు వద్దు, వెనుక అంచు కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తితే గాలి ఆడుతుంది.

పని అయ్యాక ఫలితం చూసుకోవడం సులువే. కంప్యూటరు వెలిగిస్తూనే డిలీట్ మీట గాని, ఎఫ్2 మీట గాని నొక్కితే చాలా యంత్రాల్లో బయోస్ తెర వస్తుంది. ప్రాసెసర్ వేడి అందులో కనిపిస్తుంది. కోతకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, రెండుసార్లూ మధ్యాహ్నం పూటే, గంటసేపు పనిచేయించిన వెంటనే చూసి రాసుకోవాలి. పొద్దున్న అంకెను మధ్యాహ్నం అంకెతో పోల్చితే లెక్క తప్పుతుంది.