వారానికొక మాత్ర రోజూ మింగితే ముప్పు
'డి' విటమిన్ వాడకంలో మోతాదే ముఖ్యం

తిరుపతి: ఏడాది పొడవునా ఎండ కాసే ఆంధ్రదేశంలో 'డి' విటమిన్ లోపమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కాని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్) పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో గ్రామీణ పురుషులలో 44 శాతం, స్త్రీలలో 70 శాతం మందికి ఈ లోపం ఉన్నట్లు వెల్లడైంది. పట్టణాలలో ఇది పురుషులకు 62, స్త్రీలకు 75 శాతం.

లోపం సంగతి ప్రచారంలోకి వచ్చాక మాత్రల వాడకమూ పెరిగింది. చిక్కంతా ఇక్కడే. మందుల దుకాణాలలో విరివిగా దొరికేది 60,000 యూనిట్ల మాత్ర లేదా పొడి పొట్లం. లోపం నిర్ధారణ అయినవారికి వైద్యులు సాధారణంగా దీనిని వారానికొకటి చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు రాస్తారు. చీటీ సరిగా చదవక, బి.పి. మాత్రలతోపాటు దీనినీ రోజూ మింగితేనే ప్రమాదం. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలు. వైద్యుని పర్యవేక్షణ లేకుండా నిత్యం 4,000 యూనిట్లు మించరాదు. అంటే ఒక్క మాత్రలో వంద రోజుల అవసరం ఇమిడి ఉన్నదన్నమాట!

నీటిలో కరిగే 'సి' విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. 'డి' అలా కాదు. కొవ్వులో కరిగి, శరీరంలో నెలల తరబడి నిలిచి, రక్తంలో కాల్షియంను పెంచుతుంది. ఫలితంగా వాంతులు, విపరీతమైన దాహం, అతిమూత్రం, మలబద్ధకం, మతి తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. 'డి' విటమిన్ మోతాదు మించి విషతుల్యమైన పదిమంది రోగుల ఉదంతాలను శ్రీనగర్ వైద్యులు 2011లో ప్రకటించారు. వారిలో ఎవరికీ లోపలికి చేరిన మందు 36 లక్షల యూనిట్లకు తగ్గలేదు.

ఒకేసారి భారీ మోతాదు వేసుకుంటే ఎముకలు త్వరగా గట్టిపడతాయన్న నమ్మకమూ నిలవలేదు. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన స్త్రీలకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూడగా, వారు పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగినట్లు 2010లో తేలింది.

మాత్రను పాలు, నెయ్యి, నూనె వంటివి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న 75 ఏళ్లలోపు పెద్దలు రోజువారీ అవసరానికి మించి వాడనక్కరలేదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2024లో సూచించింది. మూత్రపిండాలలో రాళ్లున్నవారు, గుండె జబ్బుకు డిగాక్సిన్, రక్తపోటుకు థయజైడ్ జాతి మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. ఆహారంలో కాల్షియం తక్కువైతే విటమిన్ ఒక్కటే ఎముకలను నిలబెట్టలేదు. తిరుపతి అధ్యయనంలో కాల్షియం కొరత కూడా బయటపడింది. రాగులు, పాలు, పెరుగు, ఆకుకూరలు ఆ లోటు తీర్చగలవు.