కేక వేసే కాపలాదారు!

కాయ ముదిరే రోజుల్లో జి.కొండూరు మామిడితోటలో కాపలా కాసే మనిషికి దొంగ పేరూ ఊరూ తెలియక్కర్లేదు. అర్ధరాత్రి కంచె దూకే వాలకం, భుజాన ఖాళీ గోతం... అవి చాలు! గట్టిగా ఓ కేక వేస్తాడు. చుట్టుపక్కల తోటలవాళ్లు టార్చిలైట్లతో పరుగెత్తుకొస్తారు. మన ఒంట్లోనూ ఇలాంటి కాపలాదారులున్నారు. వాళ్లలో ఒకరి పేరు ఇప్పుడు చాలా ఇళ్లలో తెలుసు. అదే సీఆర్‌పీ... సి-రియాక్టివ్ ప్రొటీన్.

2020, 2021 సంవత్సరాల్లో కరోనా విజృంభించినప్పుడు 'సీఆర్‌పీ ఎంతొచ్చింది?' అన్నది కుశలప్రశ్న అయిపోయింది. అంకె పెరిగిందంటే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడేది. ఆ భయం ఇంకా పూర్తిగా పోలేదు. పిల్లాడికి జ్వరమొస్తే రక్తపరీక్ష, కాగితంలో అంకె చూసి మందుల షాపులో యాంటీబయాటిక్... కొందరిది ఇదే వరస. ఇంతకీ ఆ అంకె ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

వాలకం చూసి పట్టేస్తాయి

కొత్త క్రిమి చొరబడినప్పుడు దానికి సరిగ్గా సరిపోయే యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా ఒంటిని కాచేది పుట్టుకతో వచ్చిన సహజ రోగనిరోధక శక్తే. అందులో కొన్ని ప్రొటీన్లు రక్తంలో, ఊపిరితిత్తుల తడిలో కరిగి తిరుగుతుంటాయి. వచ్చింది ఫలానా క్రిమి అని ఇవి చెప్పలేవు. చాలా క్రిముల ఒంటిమీద ఉమ్మడిగా కనిపించే గుర్తుల్ని మాత్రం ఇట్టే పోల్చుకుంటాయి. మ్యానోస్ బైండింగ్ లెక్టిన్ అనే ప్రొటీన్ క్రిముల పైపొరమీద వరసగా పేర్చినట్టుండే చక్కెరల్ని పట్టుకుంటుంది. ఎస్‌పీ-ఏ, ఎస్‌పీ-డీ అనేవి పీల్చిన గాలితో ఊపిరితిత్తుల్లోకి వచ్చే క్రిముల కోసం కాపు కాస్తాయి. సీఆర్‌పీ అయితే ఫాస్ఫోకోలిన్ అనే పదార్థం బయటపడిన చోట వాలిపోతుంది. అది కొన్ని బ్యాక్టీరియాలమీదా ఉంటుంది, దెబ్బతిన్న మన కణాలమీదా ఉంటుంది. అసలు తిరకాసంతా ఇక్కడే!

అంటుకున్నాక సీఆర్‌పీ, లెక్టిన్‌లు 'కాంప్లిమెంట్' అనే మరో ప్రొటీన్ల దండును లేపుతాయి. ఆ దండు కొన్ని క్రిములకు చిల్లులు పొడుస్తుంది. మిగతావాటిని తెల్లరక్తకణాలు మింగేలా గుర్తు వేసి పెడుతుంది.

సీఆర్‌పీ బయటపడింది 1930లో. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తరసిలో న్యుమోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన 'సి' అనే పదార్థాన్ని కలిపారు. రసి మడ్డిగా మారింది. రోగులు కోలుకున్నాక కలిపితే అలా జరగలేదు. 'సి'తో స్పందించింది కాబట్టే ప్రొటీన్‌కు ఆ పేరు.

అంకె ఒక్కటే చాలదు

సీఆర్‌పీని తయారుచేసేది ప్రధానంగా మన కాలేయమే. ఒంట్లో అలజడి మొదలైన ఆరు గంటలకల్లా పెరగడం మొదలై, సుమారు 48 గంటలకు తారస్థాయికి చేరుతుంది. ఒక్కోసారి వెయ్యి రెట్లు కూడా పెరుగుతుంది! తయారీ ఆగిపోతే దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ వస్తుంది. అందుకే ఒక్కరోజు అంకెకన్నా అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే డాక్టర్లకు ఎక్కువ పనికొస్తుంది.

లీటరుకు వంద మిల్లీగ్రాములు దాటితే బ్యాక్టీరియాను గట్టిగా అనుమానిస్తారు. అలాగని తీర్పు చెప్పేయరు. వైరస్ జ్వరాల్లో, ఆపరేషన్ తర్వాత, కీళ్లవాతంలోనూ ఇది పెరుగుతుంది. జబ్బు తొలి గంటల్లో పరీక్ష చేస్తే మామూలుగానే కనిపించొచ్చు. రిపోర్టులో కొలమానమూ చూడాలి. డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు. అది గమనించక హడలిపోయినా, ధీమాగా ఉన్నా పొరపాటే.

యాంటీబయాటిక్‌లు వైరస్‌మీద పనిచేయవు. అవసరం లేకుండా వాడితే తట్టుకునే బ్యాక్టీరియాలు పెరిగి, రేపు నిజంగా అవసరమైనప్పుడు అదే మందు పనికిరాకుండా పోతుంది. తోటలో కేక వినబడిందని కర్ర పట్టుకుని ఎదురొచ్చినవాణ్నల్లా బాదేయరు కదా! ముందు లైటు వేసి, వచ్చిందెవరో చూస్తారు. ఆ చూసే పని డాక్టరుది. సీఆర్‌పీది కేక వేయడం వరకే.