పెరటి నీటిలోని చిన్న చేపలు: గుర్తించుట, కాపాడుట

మన కర్నూలు, కడప సీమలు వానకు మొగము వాచిన సీమలు. సంవత్సరమున ఎక్కువ దినములు మన కుంటలు నెఱ్ఱెలు విచ్చియే యుండును. అట్టిచోట భాద్రపద ఆశ్వయుజ మాసములలో రెండు మూడు గట్టి వానలు కురిసినంతనే, కాలువప్రక్క యిండ్ల పెరటిగుంటలలోను, బావి చెంతనున్న పల్లములలోను చిటికెనవ్రేలంత చేపలు తళతళ మెఱయుచు కనబడును. పిల్లలు గుడ్డలతో వడియగట్టి వానిని పట్టుదురు. పెద్దలు కోళ్లకు వేయుదురు, లేక గుంట యెండినప్పుడు చావనిత్తురు. ఈ చేపలలో కొన్ని రైతుకుటుంబమునకు కూలి యడుగని సేవకులు. కొన్ని తొట్టిలో నిలుపదగనివి. ఏది యేదో గుర్తెఱిగి తగినవానిని కాపాడుకొన్నచో ఇంట దోమల పీడ తగ్గును. ఆ భేదమును, కాపాడు విధమును సభ్యుల యెదుట నుంచుటయే యీ వ్యాసోద్దేశము.

ఇవి యెచ్చటినుండి వచ్చును?

చేపలు మబ్బునుండి రాలినవని కొందఱును, మన్నులో పుట్టినవని కొందఱును చెప్పుదురు. నిజము వేఱు. తొలకరి నీరు పాఱగనే కుంటలలోని చిన్న చేపలు ఆ ధార కెదురీది పైకెక్కును. చెఱువు మఱవ పాఱినప్పుడు దిగువకును వచ్చును. అంగుళము లోతు నీరు పొలముమీద ప్రవహించినను వానికి దారియే. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి కర్నూలు, నంద్యాల ప్రాంతములమీదుగా కడపవఱకు వచ్చు కె. సి. కాలువ ఇట్టి దారులలో పెద్దది. ఒక కంపెనీవారు త్రవ్వించిన యా కాలువను 1882 లో ప్రభుత్వమువారు కొనిరి. ఆ కాలువ, దాని పిల్లకాలువలు నది నీటితోడనే నది చేపలనుగూడ మన మళ్లలోనికి తెచ్చుచున్నవి. కుందూ, పాపాఘ్ని, చెయ్యేరులు పొంగినప్పుడును ఇట్లే జరుగును.

మట్టలు, మార్పులు మాత్రము గాలిని పీల్చి బ్రతుకగల జాతులు. అవి తడినేలపై కొంత దూరము ప్రాకగలవు. కొరమట్ట యెండిన కుంటయొక్క లోపలి బురదలో నడగి వాననీటికై కాచుకొనగలదు. అందుచేతనే మన్నులో చేప పుట్టినదను మాట ప్రబలినది. తక్కిన చిన్న చేపల కా శక్తి లేదు. గుంట యెండెనా, అవి చచ్చుటయే. కావున గుంటలో జానెడు నీరు మిగిలియుండగనే వానిని తీయవలెను.

ఇవి చేయు మేలు

1897 ఆగస్టు 20 వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాసు అను వైద్యుడు చలిజ్వరపు సూక్ష్మజీవిని దోమ కడుపులో కనుగొనెను. నాటినుండి దోమను గూర్చిన విచారము నీటిని గూర్చిన విచారమైనది. ఏలయనిన దోమ నీటిమీదనే గ్రుడ్లు పెట్టును. ఎండకాలమున గ్రుడ్డునుండి రెక్కల దోమ వెలువడుటకు వారము పదిదినములు చాలును. ఆ దినములలో దోమపురుగు నీటి పైపొరను వ్రేలాడుచు గాలి పీల్చుచుండును. నీటిపై తిరుగు చిన్న చేపకు అదియే విందు. ఇప్పుడు డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు చారల దోమ మురికిగుంటలకన్న ఇంటిలోని తొట్లను, కుండలను, పాత టైర్లలోని నీటినే కోరును. వారమున కొకసారి కుళాయి వచ్చు మన గ్రామములలో నీటిని నిలువచేయక తప్పదు. కావున మనము నిలువచేసిన నీరే మన యింటి దోమలకు పుట్టినిల్లగుచున్నది.

చిన్న చేప చేయు మేలునకు ఈ సీమలోనే మఱియొక దృష్టాంతము కలదు. పూర్వము మన దిగుడు బావుల గ్రామములలో నారికురుపు పెక్కుమందిని మంచమున పడవేసెడిది. కాలినుండి తెల్లని దారమువంటి పురుగు వెడలుచుండగా రైతు సేద్యపుదినములలో కదలలేక పోయెడివాడు. రోగి మెట్లు దిగి నీటిలో కాలు పెట్టినప్పుడు పురుగుపిల్లలు నీట చేరును. కంటికి మిణుకు మిణుకుమను ఒక నీటిపురుగు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాదికి మరల కురుపు లేచును. మనకు పొరుగుననున్న చిత్రదుర్గ మండలమున మూర్తి, స్వీటు అను వైద్యులు దిగుడు బావులలో పరిగెజాతి చిన్న చేపలను విడిచి, అవి యా నీటిపురుగులను తినుటను పరిశీలించి, 1936 లో వైద్యపత్రికయందు ప్రకటించిరి. తరువాతి కాలమున మెట్ల బావులను మార్చుట, చేతిపంపులు వేయుట, నీటిని గుడ్డతో వడియగట్టుట, మందు చల్లుట మొదలగు పనులవలన ఆ వ్యాధి తొలగినది. దేశమున కడపటి రోగి 1996 లో రాజస్థానమున కనబడెను. 2000 లో భారతదేశము నారికురుపు లేని దేశముగా ప్రకటింపబడెను. ఆ జయము చేపలదే యని చెప్పరాదు. కాని బావిలోని చిన్న చేప వట్టి యలంకారము కాదని మన పొరుగువారు నాడే చూపిరి.

గుర్తించు విధము

ఒక తెల్లని పళ్లెములోనో, గాజుసీసాలోనో చేపను నీటితో నుంచి వెలుతురున చూడవలెను. మొదట నోటిని, తరువాత మీసములను, పిమ్మట మచ్చలను పరిశీలింపవలెను.

నోరు పైకి తిరిగియుండి, నెత్తి బల్లపరుపుగ నున్నచో అది నీటి పైపొరను మేయు చేప. దోమపురుగులకు ఇదియే ముఖ్యశత్రువు. నోరు ముందునకు తెఱచుకొనునదైనచో నడుమ నీటిలో తిరుగునది. నోరు క్రిందివైపున నున్నచో అడుగున మేయునది. దోమలపై దానివలన ప్రయోజన మల్పము.

సాధారణముగ చిక్కు జాతులివి:

1. నెత్తిమీద వెండిచుక్క గల చేప. రెండంగుళములు మించి సాధారణముగ పెరుగదు. నీటిపై కదలక నిలిచియుండును; పైనుండి చూచినప్పుడు నెత్తిన తెల్లని చుక్క మెఱయును. శాస్త్రజ్ఞులు దీనిజాతిని ఆప్లోకైలస్ అందురు. దొరకినచో విడువరాదు.

2. పరిగెలు. వెండివంటి పొలుసులు, వెడల్పైన యొడలు గలవి. ఒకదానికి తోకమొదట నల్లమచ్చ యుండును. మఱియొకదానికి మొప్పల వెనుక నొకటి, తోకదగ్గర నొకటి చొప్పున రెండు మచ్చలుండును. గట్టి ప్రాణము గలవి. దోమపురుగులను, తవుడును, పాచిని అన్నిటిని తినును.

3. ప్రక్కను గీత గల సన్నచేప. కంటినుండి తోకవఱకు ఒకే నల్లని గీత, దాని యంచున బంగారు వన్నె. రాస్బోరా అని గ్రంథములలో పేరు. చురుకైనది, గుంపుగా తిరుగును.

4. పొడవు మీసముల చేప. ఒడలు సన్నము; మీసములు మాత్రము రొమ్ము రెక్కలను దాటిపోవునంత పొడవు. ఇదియు పైనీటి చేపయే. ఎగిరి దుముకును గావున తొట్టికి మూత వలె వల యుండవలెను.

5. గాజువంటి చేప. ఒడలిలోని యెముకలు బయటికి కనబడును. నీటిలోని సూక్ష్మ జీవులను తినును. సుకుమారమైనది; పట్టినప్పుడు చేతితో తాకక చిప్పతో నీటితోగూడ ఎత్తవలెను.

వీనిలో రాస్బోరా గీతచేపను, రెండు మచ్చల పరిగెను, మీసముల చేపను హామిల్టను అను వైద్యుడు 1822 నాటి తన గంగానది చేపల గ్రంథమున వర్ణించెను. రెండు వందల యేండ్లకు పూర్వమే శాస్త్రమున కెక్కిన చేపలు మన పెరటిలో పేరులేక యుండుట తగదు. గ్రామమునకొక పేరు కలదు గావున పేరుకంటె గుర్తే ప్రధానము.

తొట్టిలో నుంచదగనివి

ఎఱ్ఱని పిల్లలు గుంపులుగా ఒక పెద్ద చేప కాపలాలో తిరుగుచున్నచో అవి కొరమట్ట పిల్లలు. అవి విలువగల చేపలే. కాని పెరిగినకొలది తక్కిన చిన్న చేపల నన్నిటిని మ్రింగును. వానిని చెఱువునకు చేర్చుట మేలు. జెల్ల, ఇంగిలాయి అనువానికి రెక్కలయందు ముండ్లుండును. ఇంగిలాయి ముల్లు గ్రుచ్చుకొన్నచో మిక్కిలి బాధపెట్టును. పిల్లలు నీరు ముంచుకొను తొట్టిలో వీనిని వేయరాదు.

పరదేశపు చేపలనుగూర్చి మఱింత జాగ్రత్త వలయును. గంబూసియా అను దోమచేపను 1928 లో మన దేశమునకు తెచ్చిరి. అది పిల్లలనే కనును, త్వరగా వృద్ధియగును, దోమపురుగులను తినును, ఇది నిజమే. కాని యితర చేపల గ్రుడ్లను, పిల్లలను, రెక్కలనుగూడ కొఱుకును. ప్రపంచమున కీడుచేయు నూఱు పరజాతుల పట్టికలో దానిని శాస్త్రజ్ఞులు చేర్చియున్నారు. 1952 లో వచ్చిన తిలాపియాయు ఆ పట్టికలోనిదే. ఆఫ్రికా మార్పు పెంపకము మన దేశమున నిషిద్ధము. మూసిన తొట్టిలో నున్నంతకాలము గంబూసియా దోమపని చేయవచ్చును. వాగులోనికి విడిచినచో మరల పట్టుట మనతరము కాదు. అంగడిలో కొన్న రంగుచేపలకును ఇదే నియమము. వలదనిపించినచో ఇంకొకరి కిండు. చెఱువులో మాత్రము వేయకుడు.

కాపాడు విధము

మన సీమలో కడపబండలతో కట్టిన తొట్లు సామాన్యము. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల తొట్టికి పది పదునైదు చిన్న చేపలు చాలును. చిన్న పాత్రయైనచో బిందెడు నీటికి రెండింటికి మించరాదు. క్రొత్తగా సిమెంటు పూసిన తొట్టిని రెండు మూడు వారములు నీరు నింపి పాఱబోయుచు సున్నపుకారము పోగొట్టిన పిమ్మటనే చేపలను వేయవలెను.

చేపలను ఉదయముననో సాయంకాలముననో తేవలెను. బిందెలో సగము నీరు, సగము గాలి యుండవలెను. పైన తడిగుడ్డ కప్పవలెను. తెచ్చినంతనే కుమ్మరింపక, తొట్టినీటిని కొంచెము కొంచెముగా బిందెలో పోయుచు వేడి సరిచేసి విడువవలెను.

మన వేసవియే వానికి పెద్ద గండము. నీరు వేడెక్కినకొలది దానిలోని ప్రాణవాయువు తగ్గును. తొట్టిపై సగము మేర తాటాకో, గోనెపట్టయో నీడగా కప్పుడు. తెల్లవాఱుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెఱచుచున్నచో వానికి ఊపిరి యాడుటలేదని గుర్తు. వెంటనే చెంబుతో నీటిని పైనుండి ధారగా పోయవలెను. బోరునీటిని సైతము ఎత్తునుండి పడనిచ్చి పట్టుడు. కుళాయినీటిని ఒక దినము నిలిపి పోయుడు. బ్లీచింగుపొడి వేసిన తొట్టిలో చేప బ్రతుకదు. నీటిని మార్చునప్పుడు మూడవవంతు మాత్రమే మార్చుడు.

దోమపురుగులున్న తొట్టిలో వేఱు మేత యక్కఱ లేదు. అవి లేనినాడు చిటికెడు తవుడో, వేరుసెనగచెక్క పొడియో వేసి, కొంతసేపటిలో తినలేకపోయినదానిని తీసివేయుడు. మేత యెక్కువైనచో నీరు కుళ్లును. లకుముకిపిట్ట, పిల్లి తాకకుండ వల కప్పుడు. కొన్ని నీటి మొక్కల నుంచినచో చేపలు వానిపై గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లను తామే తినకుండ మొక్కలను వేఱొక పాత్రకు మార్చవలెను.

రెండు హెచ్చరికలు. చేప యున్నదని త్రాగునీటిని కాచకయు వడియగట్టకయు త్రాగరాదు. చేపలు నిలువలేని కుండలను, చిన్న పాత్రలను వారమున కొకసారి ఖాళీచేసి తోమి యారబెట్టుట మానరాదు.

రైతు చేతిలోని పని

ఇంటి తొట్టిలో పది చేపలను కాపాడి, ప్రత్తికి మిరపకు మందుకొట్టిన పంపును కాలువలో కడిగినచో ఏమి ఫలము? ఇప్పుడు వాడుకలోనున్న పైరెత్రాయిడు మందులు అత్యల్పముగ నీట చేరినను చేపలను చంపును. పంపును, డబ్బాలను నీటికి దూరముగ, మళ్ల గట్టున పారబోసిన నీరు కాలువలోనికి దిగని చోట కడుగవలెను. చెఱువులో చేపలు పట్టు హక్కు సాధారణముగ మత్స్యకారుల సంఘములదై యుండును గావున వారి యనుమతితోనే విత్తుచేపలను తెచ్చుకొనవలెను. వారికంటె చేపల గుర్తు తెలిసినవారు వేఱొకరు లేరు.

ఒక్కొక్క సంఘము తన గోదాము ప్రక్కను నీడగల తొట్టి నొకదానిని నిలిపి, వానకాలమున ఎండిపోవు గుంటలనుండి తీసిన నాటుచేపలను అందు పెంచి, వేసవిలో సభ్యులకు బిందెకు నాలుగు చొప్పున పంచినచో ఖర్చు స్వల్పము, లాభము గ్రామమంతటిది. విత్తనమును కాపాడుకొనుట యెఱిగిన రైతునకు ఈ పని క్రొత్త కాదు. వచ్చు వానలకు పెరటిలో చేప మెఱసినప్పుడు కోడికి వేయుటకు ముందు దాని నోటిని, మీసమును, మచ్చను ఒకసారి చూడవలెనని సభ్యులను కోరుచున్నాము.