షవరు కావాలి, రొద వద్దు

నీళ్ళు తోడే చప్పుడు మనకు కొత్త కాదు. ఏతాం తొక్కేవాడు పాట పాడేవాడు. బావి గిలక కిర్రుమంటే తెల్లవారిందని లేచేవాళ్ళం. ఇప్పుడు చేద పోయి మోటారు వచ్చింది. దాని పాట వినడానికి ఎవరికీ ఓపిక లేదు.

మన గుమ్మిడిపూండిలో ఇది చిన్న సంగతి కాదు. సిప్కాట్ కర్మాగారాలలో రాత్రి పని చేసి వచ్చినవారు పగలు పడుకుంటారు. చెన్నపట్నం బండికి పోయేవారు తెల్లవారుజామునే స్నానానికి లేస్తారు. ఇద్దరికీ మధ్య వున్నది ఒక్క ఇటుక గోడ. ఇటు మోటారు మోగితే అటు నిద్ర పోతుంది. నాలుగు రోజులకు మాటలూ పోతాయి.

అసలు షవరు ఎందుకు నీరసంగా పడుతుంది? మిద్దెమీది తొట్టిలో నీటిమట్టం షవరు తలకంటే ఎంత ఎత్తున వుంటే అంతే ఒత్తిడి. పది మీటర్ల ఎత్తుకు గాని సుమారు ఒక బారు ఒత్తిడి రాదు. పై అంతస్తు స్నానాలగదికి ఆ ఎత్తు రెండు మీటర్లుంటే ఎక్కువ. అంటే బారులో అయిదో వంతు!

అయినా వెంటనే అంగడికి పరుగెత్తనక్కరలేదు. ఉప్పునీటి బోర్లున్న చోట్ల షవరు చిల్లులకు తెల్లని పెచ్చు కడుతుంది. తల విప్పి, నిమ్మరసంలోగాని వినిగరులోగాని రాత్రంతా నానబెట్టి చూడండి. కవాటాలు పూర్తిగా తెరిచివున్నవో లేదో చూడండి. చాలా ఇండ్లలో యింతటితోనే పని తీరుతుంది.

అప్పటికీ చాలకపోతే పంపు కొనవలసిందే. అంగళ్ళలో చవుకగా దొరికే అర అశ్వశక్తి చిన్న మోటార్లలో చాలావాటికి చక్రం అంచున సన్నని పళ్ళుంటాయి. క్రింది తొట్టి నుంచి మిద్దెకు నీరెక్కించడానికి అవి పనికి వస్తాయి గాని, కీచుమని అరుస్తాయి. ఇసుక తగిలితే త్వరగా అరిగిపోతాయి. మామూలు అపకేంద్ర పంపు వాటికంటే నెమ్మది. అన్నిటికంటే నెమ్మదైనది, తిరిగే భాగం నీటిలోనే మునిగివుండే రకం. దానిని నీరే చల్లబరుస్తుంది గనుక వెనుక గాలిరెక్క వుండదు. ఆ రెక్క రొదా వుండదు. అయితే పెచ్చు కట్టే నీటికి యీ రకం పట్టేసే భయముంది. ముందు ఒక జల్లెడ అమర్చాలి, తరుచు కడగాలి.

పెద్ద పంపు మంచి పంపు అనుకోరాదు. మామూలు షవరుకు నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు చాలు. పది మీటర్ల ఎత్తుకు సరిపడే ఒత్తిడి ధారాళం. పంపు పలకమీద వ్రాసిన గరిష్ఠ ఎత్తూ, గరిష్ఠ ప్రవాహమూ ఒకేసారి రావు. ఆ ఎత్తు వచ్చేసరికి ప్రవాహం సున్న. కనుక ఎంత ఎత్తుకు ఎంత నీరు ఇస్తుందో చూపే పట్టిక అడగండి.

రొదను డెసిబెల్‌లలో కొలుస్తారు. పది డెసిబెల్‌లు పెరిగితే చెవికి సుమారు రెట్టింపుగా తోస్తుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 హద్దు. అమ్మేవారు చెప్పే అంకె ఎంత దూరం నుంచి కొలిచినదో కూడా అడగాలి.

మంచి పంపునైనా బిగింపు పాడుచేస్తుంది. పొత్తు గోడకు మరలతో బిగిస్తే గోడంతా మద్దెల అవుతుంది. బరువైన రాతిపలక వేసి, క్రింద రబ్బరు దిమ్మలు పెట్టి, దానిమీద పంపు నుంచండి. రెండు వైపులా గట్టి గొట్టానికి బదులు కొంత మేర వంగే గొట్టం వేయించండి. తొట్టి నుంచి పంపుకు వేరే గొట్టం, తగినంత లావుది, మలుపులు తక్కువగా వుండాలి. నీరు చాలినంత అందకపోతే లోపల బుడగలు పుట్టి, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగుతుంది, చక్రమూ తినివేయబడుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. భూమి తీగ, 30 మిల్లీ ఆంపియర్లకే తెగే రక్షణ మీట లేకుండా తడిచోట మోటారు పెట్టరాదు. నీళ్ళు కాచే గీజరు ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో దాని పలకమీద చూడాలి. వీధి కుళాయి గొట్టానికి పంపు నేరుగా తగిలించడం పక్కవాడి నీళ్ళు లాక్కోవడమే.

మరొక మాట. నిమిషానికి పది లీటర్ల చొప్పున పది నిమిషాలు నిలబడితే నూరు లీటర్లు, అంటే అయిదు పెద్ద బకెట్లు. మన తాలూకాలోనే తేర్వాయ్ కండిగ జలాశయం 2020లో ప్రారంభమైంది; దాని కొలత 50 కోట్ల ఘనపుటడుగులు. ఆ నీరు చెన్నపట్నం దాహానికి. మన వేసవి మనకు వుండనే వుంది.

అట్లని షవరు విలాసమని కొట్టివేయడం మా అభిప్రాయం కాదు. మోకాళ్ళ నొప్పితో వంగలేని పెద్దలకు, పీటమీద కూర్చుని ఒకరి సాయం లేకుండా స్నానం చేయగలగడం గొప్ప ఊరట. అటువంటివారు ఇంట్లో వుంటే తప్పక అమర్చండి. ముందుగా పక్కింటివారు ఏ వేళ పడుకుంటారో ఒక్క మాట కనుక్కోండి. ఖర్చులేని ఆ పని అన్ని రబ్బరు దిమ్మలకంటే మేలు చేస్తుంది.