మాయింటి ముదుసలి ట్రాక్టరు

కొందఱు పురుషులకుఁ జదరంగము వ్యసనము, కొందఱకుఁ బేకాట. మావారికిఁ బాత ట్రాక్టరు. బడి లేని దినమున వారిని వెదకఁబోయినచో, రేణిగుంట పొలముగట్టున నా యంత్రము క్రిందినుండి వారి పాదములు మాత్రమే కానవచ్చును.

దానిని మా మామగారు 1984లోఁ గొనిరి. అంతకు మునుపు మడకయు నెద్దులే యాధారము. వాన కురిసిన రెండుమూఁడు దినములలో వేరుసెనగ విత్తకున్నచో నెఱ్ఱనేల యాఱిపోయి యదను తప్పును. ఎద్దులకు దినములు పట్టు దుక్కిని ట్రాక్టరు గంటలలో ముగించెను. అందుచేతనే మా యత్తగారు ఆయుధపూజనాఁడు నేఁటికిని మొదటి కుంకుమ దానికే పెట్టుదురు.

ఈ యంత్రముల చరిత్ర వినఁదగినది. పూర్వము నాఁగలిని ట్రాక్టరు వెనుకఁ గట్టి యీడ్పించెడివారు. నాఁగలి రాతికిఁ దగిలినచో ముందుచక్రములు పైకి లేచి, యంత్రము నడుపువానిపైఁ దిరుగఁబడుటయుఁ గలదు. ఐర్లండునఁ బుట్టిన హారీ ఫెర్గూసను నాఁగలిని మూఁడుచోట్ల బిగించి, చమురు ఒత్తిడిచే నెత్తుచు దింపుచు నుండు పద్ధతిని కల్పించెను. ఆ ప్రమాదము చాల తగ్గెను. ఇంగ్లండులోని కొవెంట్రీయందు 1946 మొదలు 1956 వఱకు నాతని బూడిదవన్నె ట్రాక్టరులు ఐదులక్షలకు మించి తయారయ్యెను. ఎవరెస్టు నెక్కిన హిల్లరీ 1958 జనవరి 4వ తేదీన దక్షిణధ్రువమును జేరినదియు ఫెర్గూసను ట్రాక్టరులతోడనే. మన దేశమున 1959లో ఫరీదాబాదునందు ఐషరు ట్రాక్టరులు వెలువడెను. 1960లో మద్రాసున టాఫే సంస్థ వెలసెను.

చరిత్ర యెంత ఘనమైనను గృహిణి లెక్క వేఱు. పోయినయేఁడు అమ్మాయి చదువునకు దాఁచిన సొమ్ము పిస్టనులకుఁ బోయెను. “బిడ్డ చదువు పెద్దదా, మీ యినుపముద్ద పెద్దదా?” యని యడిగితిని. వారు మాఱుపలుకలేదు. మఱునాఁటినుండి యొక కట్టుబాటు చేసికొంటిమి. కూలికి దున్నఁగా వచ్చిన సొమ్ము వేఱు డబ్బాలో వేయవలెను. మరమ్మతు దానినుండియే చేయవలెను. పొరుగున నొక వితంతువునకు బెత్తెడు చెక్క కలదు. క్రొత్త ట్రాక్టరులవారు దానికై రారు. మావారు డీజిలు ఖర్చు మాత్రము గొని దున్నిపెట్టుదురు. అది చూచినపిమ్మట నా కోపము సగము చల్లారెను.

మిగిలిన సగము భయమాయెను. వేరుసెనగచెట్లనుండి కాయ రాల్చు యంత్రమును తగిలించినదినమున, ట్రాక్టరు వెనుక తిరుగు నిరుసు నా పైటకొంగును లాగికొనెను. దానిపై కప్పు ఎన్నఁడో యూడిపోయినది. ఎవరును మరల బిగింపలేదు. చీర పాతది గనుకఁ జినిఁగి నన్ను విడిచెను. మఱఁది వెంటనే ఇంజను నార్పెను. ఆ యిరుసు నిమిషమునకు 540 సారులు, అనఁగా సెకనుకుఁ దొమ్మిదిసారులు తిరుగును. చేయి వెనుకకుఁ దీసికొను వ్యవధి యెక్కడిది? రంగు వేయుటకుఁ దీఱిక చిక్కిన మావారికి, కప్పు వేయుటకుఁ జిక్కలేదు! ఆ సాయంకాలమే వేసిరి.

జనకుఁడు దున్నఁగా నాఁగటిచాలున సీత లభించెనని చదువుకొంటిమి. నాఁగలి మనకుఁ బరాయిది కాదు. కావున ట్రాక్టరుగల యిండ్లలోని సోదరీమణులు నేఁడే పోయి చూడుఁడు. తిరుగు నిరుసుపైఁ గప్పు లేనిదే పని మొదలిడనీయకుఁడు. కొంగు బిగించి, జడ ముడివేసికొనుఁడు. బిడ్డలను మడ్గార్డులపైఁ గూర్చుండనీయకుఁడు. ఏది చిక్కుకొన్నను ఇంజను నార్పినపిమ్మటనే చేయి పెట్టుఁడు. పాతవస్తువునందుఁ బ్రీతి మంచిదే. దానిచుట్టు మసలు మనుష్యులు అంతకంటెఁ బ్రియమైనవారు గదా!