హుద్‌హుద్ గూడు ఎందుకంత కంపు కొడుతుంది? గుడ్డు పెంకు మీద బ్యాక్టీరియా కథ

హుద్‌హుద్ పేరు వినని ముస్లిం ఇల్లు ఉండదు. సూరా అన్‌నమ్ల్‌లో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) దగ్గరికి సబా రాజ్యం కబురు తెచ్చిన పిట్ట అదే. 2014 అక్టోబరులో విశాఖను కుదిపేసిన తుపానుకు ఒమన్ ఇచ్చిన పేరు కూడా అదే. తెలుగులో దీన్ని కూకుడు గువ్వ అంటారు. నెత్తిన విసనకర్రలా విచ్చుకునే తురాయి, రెక్కల మీద నలుపు తెలుపు చారలు, సన్నని పొడవాటి ముక్కు ఉంటాయి. మన ఊళ్లలోనూ ఖాళీ జాగాల్లో నేల మీద నడుస్తూ పురుగులు ఏరుకుంటుంది.

ఇంత అందమైన పిట్టకు ఒక చెడ్డపేరుంది. పిల్లలు పెట్టే కాలంలో దాని గూడు దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాల్సిందే, కుళ్ళిన మాంసం లాంటి వాసన. జర్మనీలో బాగా కంపు కొట్టే మనిషిని ఇప్పటికీ ఈ పిట్టతోనే పోలుస్తారు. అయితే ఆ కంపుతోనే అది గుడ్లను కాపాడుకుంటోందని స్పెయిన్‌లోని గ్రనడాలో, అంటే మన పెద్దలు గర్నాతా అని చెప్పుకునే ఊళ్లో, జరిగిన పరిశోధనల్లో బయటపడింది. అదెలాగో తెలియాలంటే ముందు గుడ్డు పెంకు సంగతి చూడాలి.

గోడ కాదు, జల్లెడ

పెంకు గట్టి గోడలా కనిపిస్తుంది గానీ నిజానికి అది జల్లెడ. ఒక్క కోడిగుడ్డు పెంకుకే కంటికి కనబడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. లోపల పెరిగే పిల్లకు ఊపిరాడాలి కదా! ఆక్సిజన్ లోపలికి పోవాలి, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి బయటికి రావాలి. బ్యాక్టీరియా కూడా అదే దారి పడుతుంది. గుడ్డు బయటపడిన క్షణం నుంచే గూటి మట్టి, రెట్ట, తల్లి ఈకల మీద ఉన్న సూక్ష్మజీవులు పెంకుకు అంటుకుంటాయి.

గుడ్డుకు సొంత కాపలా లేకపోలేదు. పెంకు పైన పలుచని పూత ఉంటుంది, అది రంధ్రాల నోళ్లు కప్పుతుంది. పెంకు లోపలివైపు రెండు పొరలు ఉంటాయి. వాటిని కూడా దాటి వస్తే తెల్లసొన ఎదురవుతుంది. అందులో ఉండే లైసోజైమ్ బ్యాక్టీరియా గోడను కోసేస్తుంది. మన కన్నీళ్లలోనూ ఉండే పదార్థమే ఇది. తెల్లసొనలోని మరో ప్రొటీన్ ఇనుమును గట్టిగా పట్టేసుకుని, బ్యాక్టీరియాకు తిండి దొరక్కుండా చేస్తుంది.

ఇంత కాపలా ఉన్నా అది ఎల్లకాలం నిలవదు. ముఖ్యంగా పెంకు తడిగా ఉంటే ప్రమాదం ఎక్కువ. నీటితో పాటు బ్యాక్టీరియా రంధ్రాల్లోకి దిగిపోతుంది. బూజు పట్టిందంటే పైపూత కూడా పాడవుతుంది, దారి ఇంకా వెడల్పవుతుంది. లోపలికి చేరాక పిండం చనిపోతుంది, గుడ్డు మురిగిపోతుంది.

అడవి పక్షులు పెట్టిన గుడ్లలో, పొదిగే కాలమంతా గూట్లో క్షేమంగా ఉన్నవాటిలోనూ, సగటున పదింట ఒకటి పిల్ల కాదు. ఇదంతా బ్యాక్టీరియా పనేనని చెప్పలేం. కొన్ని గుడ్లు అసలు ఫలించవు, కొన్నిట్లో పిండం వేరే కారణాలతో ముందే పోతుంది. బ్యాక్టీరియా వాటా ఎంత అన్నదే శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్లుగా తేల్చాలని చూస్తున్న విషయం.

రోజుకొక గుడ్డు, మరి మొదటి గుడ్డు గతి?

చాలా పిట్టలు రోజుకొక గుడ్డు పెడతాయి. అన్నీ పెట్టేదాకా గట్టిగా పొదగవు. అలా చేస్తే పిల్లలన్నీ ఒకేసారి బయటికొస్తాయి, పెంచడం సులువు. కానీ నాలుగైదు రోజులు మొదటి గుడ్డు బయటి గాలికి, తేమకు పడి ఉంటుంది.

అమెరికా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ కుక్, స్టీవెన్ బైసింగర్ బృందం ఈ సంగతిని కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో పరీక్షించింది. తాజా కోడిగుడ్లను అక్కడి అడవుల్లో కొన్ని రోజులు ఉంచారు. పక్షులు గుడ్లన్నీ పెట్టడానికి పట్టే ఆ కొద్ది రోజుల్లోనే సూక్ష్మజీవులు పెంకు దాటి లోపలికి చేరాయి. కొన్ని గుడ్లను మధ్యమధ్యలో ఆల్కహాల్‌తో తుడిచారు. చల్లగా, ఎప్పుడూ మబ్బు కమ్మి తడిగా ఉండే కొండ అడవిలో, తుడిచిన గుడ్లే ఎక్కువగా బతికి ఉన్నాయి. 2003లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 2005లో అదే బృందం ఇంకో విషయం చూపించింది. అక్కడి థ్రాషర్ అనే పిట్ట పొదిగిన గుడ్ల మీద బ్యాక్టీరియా బాగా తగ్గింది. అంటే పొదగడం వేడి కోసమే కాదు. తల్లి కూర్చుంటే పెంకు పొడిగా ఉంటుంది, చెడ్డ బ్యాక్టీరియా పెరగడానికి వీలుండదు.

తొందరగా పొదగడం మొదలెడితే గుడ్లు దక్కుతాయి. కానీ పిల్లలు ముందూ వెనకా పుడతాయి, ఆఖరిది బక్కగా ఉండిపోయి తిండి దొరక్క చనిపోవచ్చు. లాభం ఒక పక్క, నష్టం ఇంకో పక్క. ఏ పిట్టకు ఏ లెక్క కుదిరితే అది ఆ పని చేస్తుంది. హుద్‌హుద్ మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది.

హుద్‌హుద్ చేసే పని

అంతటితో ఊరుకోదు. పక్షులకు తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటాయి. హుద్‌హుద్ పెట్ట పొదిగే కాలంలో మాత్రం ఆ నూనె ముదురు గోధుమ రంగుకు తిరిగి, ఘోరంగా కంపు కొడుతుంది. మగపిట్టకు ఇలా జరగదు. గూట్లోని పిల్లలకు జరుగుతుంది. కారణం గ్రంథిలో కాపురం పెట్టే ఎంటెరోకాకస్ రకం బ్యాక్టీరియా. అది వేరే బ్యాక్టీరియాను చంపే పదార్థాలు తయారు చేస్తుంది.

పెట్ట ఆ ద్రవాన్ని గుడ్లకు పూస్తుంది. పెట్టినప్పుడు లేత నీలంగా ఉన్న గుడ్డు కొద్ది రోజుల్లోనే ఆకుపచ్చ కలిసిన మట్టిరంగుకు మారుతుంది. చూసినవాళ్లు ఇది మురికి అనే అనుకున్నారు. గ్రనడా విశ్వవిద్యాలయానికి చెందిన మాన్యుయెల్ మార్టిన్ వివాల్దీ, అల్మేరియాలో పనిచేసే హువాన్ హోసే సోలెర్, వాళ్ల సహచరులు ఆ పెంకును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. పెంకు నిండా చిన్న చిన్న గుంటలు! అవి ఊపిరి రంధ్రాలు కావు, పెంకు లోపలిదాకా పోవు. మామూలు పిట్టల గుడ్ల మీద ఇలాంటివి కనిపించవు. ఆ గుంటల్లో తల్లి పూసిన ద్రవం నిండి ఉంది.

2014లో అచ్చయిన వాళ్ల ప్రయోగంలో కొన్ని పెట్టలను ఆ ద్రవం వాడకుండా ఆపారు. వాటి గుడ్ల గుంటలు ఖాళీగానే ఉండిపోయాయి, మేలు చేసే బ్యాక్టీరియా తగ్గింది. ఆ బ్యాక్టీరియా పెంకు మీద ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ గుడ్లు పిల్లలయ్యాయి. అసలు విషయం ఇక్కడే ఉంది. పెంకు మీద బ్యాక్టీరియా ఉందా లేదా అన్నది కాదు, ముందు వచ్చి జాగా పట్టుకున్నది ఏ బ్యాక్టీరియా అన్నదే ముఖ్యం.

ఆస్ట్రేలియాలోని బ్రష్ టర్కీ దారి వేరు. అది కుళ్ళే ఆకుల గుట్టలో గుడ్లు దాస్తుంది, వేడి అక్కడి నుంచే వస్తుంది. దాని పెంకు మీద అతిసూక్ష్మమైన గుండ్రటి కణాలుంటాయి. వాటి వల్ల నీరు నిలవదు, బ్యాక్టీరియా సరిగా అతుక్కోదు.

అన్ని చోట్లా ఇదే కథ అనుకుంటే పొరపాటు. ప్యూర్టోరికోలో చూసింది కాలిఫోర్నియాలో ఉంటుందా అని బైసింగర్ బృందమే మళ్లీ పరిశీలిస్తే, ఆ పొడి వాతావరణంలో బ్యాక్టీరియా ప్రభావం చాలా తక్కువగా తేలింది. అంతా తేమను బట్టి ఉంటుంది.

కోళ్లు పెంచే ఇళ్లలో

ఇదే లెక్క నాటుకోడి పొదిగే గుడ్లకూ వర్తిస్తుంది. శుభ్రంగా ఉంటుందని కొందరు గుడ్లు కడిగి కోడి కింద పెడతారు. కడిగితే పైపూత పోతుంది. చన్నీళ్లయితే ఇంకా నష్టం. లోపలి పదార్థం చల్లబడి కుంచించుకుపోయి, బయటి నీటిని బ్యాక్టీరియాతో సహా రంధ్రాల గుండా లోపలికి లాక్కుంటుంది. పొదిగించడానికి శుభ్రమైన గుడ్లే ఏరుకోవాలి. కొంచెం రెట్ట అంటితే పొడి గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. కింద పరిచిన గడ్డి తడిసిందేమో చూసుకుంటుండాలి. అమెరికాలో అమ్మే గుడ్లను కడిగి ఫ్రిజ్‌లో పెడతారు, ఐరోపాలో మొదటి రకం గుడ్లను అసలు కడగనివ్వరు. కడిగాక చల్లగా ఉంచకపోతే పాడవుతాయన్నదే రెండు చోట్లా ఉన్న భయం.

హుద్‌హుద్ మన దగ్గర ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే వరకు చెట్టు తొర్రల్లో, పాత మట్టిగోడల కంతల్లో గుడ్లు పెడుతుంది. ఇంటి గోడలోంచి కంపు వస్తోందని ఆ కంతలో నీళ్లు పోస్తే గుడ్ల మీది పూత కొట్టుకుపోతుంది. పుట్టిన పిల్లలు సుమారు నెల రోజుల్లో ఎగిరిపోతాయి. ఆ తర్వాత తల్లి గ్రంథిలోని నూనె మళ్లీ మామూలు తెల్లటి నూనె అవుతుంది, వాసన కూడా పోతుంది.